ఒకటి రెండేళ్లు ఆఫ్రికా వైపు వెళ్లి తాగునీటి పని చేసి రావాలని ఉంది, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అరండల్‌పేట_సివిల్:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. సివిల్ చదివి పద్నాలుగేళ్లుగా తాగునీటి పైపులైన్ల డిజైన్ చేస్తున్నాను. ట్యాంకు ఎక్కడ కట్టాలి, ఏ వీధికి ఎంత సైజు పైపు వెయ్యాలి, వరసలో చివరి ఇంటికి ప్రెషర్ అందుతుందా లేదా, ఇదే రోజూ చేసే పని. ప్రైవేట్ కన్సల్టెన్సీ, కాబట్టి నేను గీసిన లైన్లలో సగం నేను కంటితో చూడలేదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఆఫీసు వాళ్లం నలుగురం విజయవాడ వెళ్లి పది రోజులు ఉన్నాం. సంపులు కడిగించడం, ట్యాంకర్ నీళ్లలో క్లోరిన్ కలపడం, క్లోరోస్కోప్‌లో రంగు చూసుకుని లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉందో లేదో సరిచూసుకోవడం. మామూలు రోజుల్లో 0.2 ఉంటే సరిపోతుంది, వరదల్లో ఎక్కువ ఉంచుతారు. ఒక పెద్దావిడ గ్లాసు ఎత్తి వాసన చూసి, "మందు వాసన కొడుతోందమ్మా, అయినా నువ్వు తాగమంటే తాగుతా" అంది. పద్నాలుగేళ్లలో నా పని గురించి ఒక మనిషి ముఖం మీద అన్న మొదటి మాట అది. అప్పటి నుంచి ఇదే ఆలోచన. నీళ్లకు బాగా ఇబ్బంది ఉండి, డిజైన్ చేసే ఇంజనీర్లు తక్కువగా ఉన్న చోటికి వెళ్లి ఒకటి రెండేళ్లు పనిచేయాలని.

నాకు 37. మా ఆయన సరే అన్నారు. అత్తయ్యకు ఇష్టం లేదు. పాప ఏడో తరగతి. ఇంటి లోన్ ఈఎంఐ ఉంది, అంటే పూర్తిగా జీతం లేకుండా కుదరదు. ఇలాంటి పనికి మనవాళ్లను నిజంగా తీసుకుంటారా, డాక్టర్లనేనా? భాష రాకపోతే ఎలా? అన్నిటికన్నా పెద్ద భయం ఒకటి ఉంది, నేను వెళ్లి ఫొటోలు దిగి వచ్చేసి, అక్కడ ఏమీ మిగలకుండా పోతుందేమోనని. వెళ్లి వచ్చినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, బాగా లేకపోతే బాగా లేదనే చెప్పండి.

---

పటమట_డీఈ_రిటైర్డ్:

అమ్మా, నేను గ్రామీణ నీటి సరఫరా శాఖలో (ఆర్‌డబ్ల్యూఎస్) డీఈగా రిటైరయ్యాక ఇథియోపియాలో 18 నెలలు ఉండి వచ్చాను. నీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు నీ ఆఖరి ప్రశ్నకే వస్తాను. నేను వెళ్లింది రిఫ్ట్ వ్యాలీకి. అదంతా అగ్నిపర్వతాల నేల, బోరు వేస్తే చాలు ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌వో అంటుంది, అక్కడ కొన్ని బోర్లలో 10 దాటి ఉంటుంది. మన వినుకొండ, బొల్లాపల్లి వైపు ఊళ్లలో గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు చూసినవాణ్ణి, అక్కడి పిల్లలు నవ్వగానే నాకు అర్థమైపోయింది. ఇంకో సంగతి, అక్కడి నీటి ఆఫీసులో మొదటి రోజే ఒక కుర్ర ఇంజనీరు నోట "నల్గొండ" అనే మాట విన్నాను. పటికా సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఉంది కదా, 1970లలో నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది, దాన్ని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. కెన్యా, టాంజానియా, ఇథియోపియా అన్నిచోట్లా ప్రయత్నించారు. అంత దూరంలో మన ఊరి పేరు విని ఒళ్లు పులకరించింది.

కానీ ఆ ప్లాంటు దగ్గరికి తీసుకెళ్తే తాళం వేసి ఉంది. పటిక అయిపోయింది, మళ్లీ కొనడానికి డబ్బుల్లేవు, నేర్చుకున్న ఆపరేటర్ పట్నం వెళ్లిపోయాడు. కట్టినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. నువ్వు భయపడుతున్నది ఇదే కదమ్మా, నేను దాన్ని కళ్లతో చూశాను. నాకున్న అలవాటు ప్రకారం వెంటనే రిపేరు ఎస్టిమేట్ వేద్దామనుకున్నాను. అక్కడి నీటి కమిటీలో ఒకామె ఆపింది, ముందు ఇళ్లు తిరుగుదాం రమ్మంది. మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగాం. పటిక నీళ్ల రుచి నచ్చక చాలామంది ప్లాంటు నడిచేటప్పుడే మానేశారని అప్పుడు తెలిసింది. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పలేదట, పొలం గట్టున పోస్తున్నారు, నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్ ఉండేది అందులోనే.

తరువాత నేను చేసినవి రెండు పనులు. కమిటీలో ఇద్దరు ఆడవాళ్లకు నీళ్ల క్షారత కొలిచి దాన్నిబట్టి పటిక మోతాదు వెయ్యడం నేర్పాను, ఆ చార్టు వాళ్ల ఒరోమో భాషలోనే రాయించాం (ఒరోమోను ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు, కాబట్టి నేనూ కూడబలుక్కుని చదవగలిగేవాణ్ణి, అమ్హారిక్ అయితే లిపే వేరు). రెండోది, మన అనుభవం దాచకుండా చెప్పాను. మన నల్గొండలో కూడా ఊళ్లకు కృష్ణ నీళ్లు పైపుల్లో వచ్చాకే జనం ఊపిరి పీల్చుకున్నారు, పటిక ప్లాంట్లు అప్పటిదాకా కాలం గడిపే మార్గం మాత్రమే, మీరు మళ్లీ ఆ చుట్టు తిరగొద్దు, కొండమీది ఊట నుంచి గ్రావిటీ లైను, అంటే పంపు లేకుండా వాలుకే నీళ్లు దిగే పైపు, వేసుకోవడం చూడండి అని. ఆ లైను సర్వే అయ్యేసరికి నా గడువు అయిపోయింది. డిజైన్ చేసే మనిషి కోసం వాళ్లు ఎనిమిది నెలలు ఎదురుచూశారు. అక్కడ కొరత పైపులకు కాదమ్మా, నీలాంటి మనిషికి.

కాబట్టి మనవాళ్లను తీసుకుంటారా అన్న అనుమానం పెట్టుకోకు.

చిన్న విషయాలు కూడా రాస్తాను, ముందే తెలిస్తే మంచిది. అక్కడ గంటలు పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు. "మూడు గంటలకు మీటింగ్" అంటే మన తొమ్మిది గంటలు. నాకు ఎవరూ చెప్పలేదు, మొదటి మీటింగ్‌కు నేను మధ్యాహ్నం వెళ్లేసరికి ఊరి పెద్దలు వచ్చి వెళ్లిపోయారు, చాలా బాధపడ్డాను. నెలలు పదమూడు. తిండికి ఇబ్బంది లేదు, ఇంజెరా అని టెఫ్ పిండిని పులియబెట్టి వేసేది అచ్చం మన పుల్లట్టులా ఉంటుంది, మీద కారంకారంగా పప్పు. మన ప్రాంతం వాళ్లకు వారంలో అలవాటైపోతుంది.

---

తెనాలి_నుంచి:

ఏమీ అనుకోవద్దు మేడం, మనసులో ఉన్నది అడుగుతున్నాను. ఇథియోపియా వరకు ఎందుకు, పల్నాడులో తాగునీళ్లు సరిగా లేని ఊళ్లు లేవా? ఇక్కడ పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు ఉచితంగా ఒక ఊరికి డిజైన్ చేసిస్తానంటే సర్పంచ్ ఎదురొచ్చి తీసుకెళ్తాడు. పాపను వదిలి వెళ్లాల్సిన పని కూడా ఉండదు.

---

అరండల్‌పేట_సివిల్:

మీరు అడిగింది న్యాయమేనండీ, ఇదే మాట అత్తయ్య కూడా అన్నారు. రెండు రాత్రులు దీని గురించే ఆలోచించాను. ఇక్కడ ఊళ్లలో నీళ్ల సమస్య ఉంది, కానీ డిజైన్ చేసేవాళ్ల కొరత లేదు. మా ఆఫీసులోనే పన్నెండు మందిమి ఉన్నాం, కాలేజీల నుంచి ఏటా వందలమంది వస్తున్నారు. ఇక్కడ పని ఆగితే బిల్లులు రాకో, మెయింటెనెన్స్ లేకో ఆగుతోంది. డీఈ గారు రాసిన చోట డిజైన్ చేసే ఒక్క మనిషి లేక ఎనిమిది నెలలు ఆగిందట. నా చేతిలో ఉన్న విద్య ఎక్కడ లేదో అక్కడికి వెళ్లాలనిపించడం తప్పని నాకు అనిపించడం లేదు. అయినా మీరు అన్నాక ఒకటి అనుకున్నాను, వెళ్లేలోపు ఈ ఎండాకాలం సెలవుల్లో బొల్లాపల్లి వైపు ఒక ఊరికి లీకేజీ సర్వే చేసిస్తాను. మీకు తెలిసిన ఊరు ఉంటే చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

---

జీజీహెచ్_సిస్టర్:

అక్కా, నేను స్టాఫ్ నర్సుని, గుంటూరులోనే. ఒక వైద్య సహాయ సంస్థ తరఫున తొమ్మిది నెలలు దక్షిణ సూడాన్‌లో చేసి వచ్చాను. డాక్టర్లనేనా అని అడిగావు కదా, మా టీములో డాక్టర్ల కన్నా మిగతావాళ్లే ఎక్కువ. నీళ్లు, మరుగుదొడ్లు చూసే ఇంజనీరు, జనరేటర్లూ వాహనాలూ చూసే లాజిస్టిక్స్ ఆయన, లెక్కలు చూసే ఆయన. 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిన ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) కూడా నీళ్ల ఇంజనీర్లను తీసుకుంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు తొమ్మిది నెలల నుంచి ఏడాది ఉండటానికి సిద్ధపడాలి, కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, నెలకు కొంత జీతం ఇస్తారు. ఫ్రెంచ్ వస్తే ఇంకా మంచిది, ఆఫ్రికాలో చాలా దేశాలు ఫ్రెంచ్ మాట్లాడతాయి కాబట్టి.

మా ఇంజనీరు రెండు రోజులు జ్వరంతో పడుకుంటే మాకు ఏం జరిగిందో చెప్తాను. వానలకు రోడ్డు తెగిపోయింది, విమానం తప్ప దారి లేదు. పంపు ఆగింది. పిల్లలకు పాలపొడి కలపడానికి, చేతులు కడగడానికి, గిన్నెలు కడగడానికి నీళ్లు లేవు. మందులన్నీ ఉన్నాయి, ఏం లాభం? అప్పటిదాకా వార్డే ఆసుపత్రి అనుకునేదాన్ని, ఆ రోజు నుంచి ఆ ట్యాంకు వైపు చూసి దణ్ణం పెట్టుకునేదాన్ని. నువ్వు చేసే పని అంత పెద్దదక్కా.

నా పని చాలావరకు నేర్పడమే. పిల్లల జబ్బకు కొలత టేపు చుట్టి 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే తీవ్రమైన పోషకాహార లోపం కింద చేర్చుకోవాలి, ఇక్కడి అంగన్‌వాడీల్లో వాడే టేపు లాంటిదే. వాళ్లకు ఇచ్చే మందు వేరుశనగ ముద్ద, పాలపొడీ నూనే పంచదారా విటమిన్లూ కలిపినది, ప్యాకెట్ చించి నోట్లో పెట్టడమే. మొదటిసారి వాసన చూసి మా అమ్మ చేసే పల్లీ ఉండలు గుర్తొచ్చి ఏడ్చేశాను. అక్కడి అమ్మాయిలు ఆరుగురికి టేపు కొలవడం, రిజిస్టర్ రాయడం నేర్పాను. నేను వచ్చేసే వారం వాళ్లే మొత్తం వార్డు నడిపారు, నేను పక్కన నిలబడ్డాను అంతే.

భయపడాల్సినవి కూడా చెప్పాలి. రాత్రి ఎక్కడికీ వెళ్లనివ్వరు, నెట్ ఉండదు, పాప పుట్టినరోజుకు ఫోన్ కలవకపోవచ్చు. తిరిగొచ్చాక నాకు రెండు నెలలు నిద్ర పట్టలేదు. ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకో, ఎంత తరచుగా ఫోన్ చేస్తావో ఒప్పందం పెట్టుకో. ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అన్ని ఆసుపత్రుల్లో వెయ్యరు, అనుమతి ఉన్న సెంటర్లోనే, నేను హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నాను. ఆ కార్డు లేకుండా ఆ జబ్బు ఉన్న దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా ఆపేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

---

గవర్నర్‌పేట_బాధితుడు:

డబ్బు విషయంలో జాగ్రత్త మేడం. నేను రెండేళ్ల కిందట ఇలాగే ఆశపడి ఒక ఏజెంటుకు 45 వేలు కట్టాను. వాలంటీర్ పోస్టు, ప్లేస్‌మెంట్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు అని మూడుసార్లు తీసుకున్నాడు. చివరికి పంపింది టూరిస్ట్ వీసా పేపర్లు. టూరిస్ట్ వీసా మీద వెళ్లి పనిచేస్తే చాలా దేశాల్లో నేరం, ఉచితంగా చేసినా సరే. టాంజానియాలో వాలంటీర్లకు క్లాస్ సి అని విడిగా నివాస పర్మిట్ తీసుకోవాలి. ఆ విషయం నేను సొంతంగా చదువుకున్నాక తెలిసింది, అప్పటికి ఆ ఫోన్ నంబర్ పనిచేయడం మానేసింది. ఇల్లు గడవని డబ్బు కాదు గానీ నమ్మకం పోయింది, అది ఎక్కువ బాధ.

ఐక్యరాజ్యసమితి వాలంటీర్లు అయితే ఏ దశలోనూ ఒక్క రూపాయి తీసుకోరు. ఎవరైనా ఆ పేరు చెప్పి అడిగితే అక్కడే ఆపెయ్యండి. అలాగే అనాథాశ్రమంలో రెండు వారాలు పిల్లలతో గడపండి అనే ప్యాకేజీల జోలికి వెళ్లవద్దు, అలాంటి చోట తల్లిదండ్రులున్న పిల్లలను కూడా తెచ్చిపెట్టి డబ్బు చేసుకుంటారు. ఆస్ట్రేలియా 2018లో దీన్ని ఆధునిక బానిసత్వంలో ఒక రకంగా గుర్తించింది.

---

బ్రాడీపేట_సీఏ:

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల గురించి కొంచెం చెప్తాను. 1970 నుంచి ఉన్న సంస్థ, హెడ్డాఫీసు జర్మనీలో బాన్. వాలంటీర్ అనే మాట విని జీతం ఉండదు అనుకుంటారు గానీ, బతకడానికి సరిపడా నెల నెలా అలవెన్స్ ఇస్తారు, ఇన్సూరెన్స్, ప్రయాణం వాళ్లే చూస్తారు. 27 దాటి కనీసం మూడేళ్ల అనుభవం ఉంటే స్పెషలిస్ట్ కింద, 35 దాటి పదిహేనేళ్ల అనుభవం ఉంటే ఎక్స్‌పర్ట్ కింద తీసుకుంటారు. మీకు ఇంకో ఏడాది ఆగితే అది కూడా సరిపోతుంది. కొన్ని చోట్లకు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి ఒప్పుకుంటారు, కొన్ని చోట్లకు ఒప్పుకోరు, ప్రకటనలోనే రాసి ఉంటుంది, పాప ఉంది కాబట్టి మొదట ఆ లైనే చదవండి. ఆ అలవెన్స్‌తో ఇక్కడ ఈఎంఐ కట్టగలనని మాత్రం లెక్క వేసుకోకండి. వెళ్లేముందు కనీసం ఏడాది ఈఎంఐ పక్కన పెట్టుకోండి, వృత్తిరీత్యా చెప్తున్న మాట.

నేను వెళ్లలేదు, నాన్నగారికి డయాలసిస్, ఊరు కదలలేను. అందుకే ఇంట్లో కూర్చునే చేస్తున్నాను. ఆఫ్రికాలోని మలావిలో ఒక చిన్న రైతు సంఘానికి రెండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మనకు రాత్రి 8 అయితే అక్కడ సాయంత్రం 4:30, ఆఫీసు మూసేలోపు గంటన్నర దొరుకుతుంది. 2023 నవంబర్‌లో అక్కడి రిజర్వ్ బ్యాంకు డాలర్ రేటును 1,180 క్వాచాల నుంచి ఒక్కసారిగా 1,700కు మార్చింది. ఎరువుల ధర రాత్రికి రాత్రి పెరిగింది, వాళ్ల బడ్జెట్ మొత్తం తలకిందులైంది. ఆ వారం రోజూ అర్ధరాత్రి దాకా వాళ్ల క్యాషియర్‌తో కూర్చుని దాతలకు పంపాల్సిన లెక్కంతా తిరగరాశాం. తరువాత ఏడాది ఆవిడే బడ్జెట్‌ను రెండు రేట్లతో వేసి నాకు పంపింది, నేను చెప్పకుండానే. ఆ ఫైలు తెరిచి చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ ఆడిట్‌లోనూ కలగలేదు.

డీఈ గారు చెప్పిన గ్రావిటీ లైను డిజైన్ లాంటిది చాలావరకు ఇక్కడి నుంచే చేయొచ్చు కదా? సర్వే లెవల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) వాళ్లు పంపితే చాలు అనుకుంటా. మీ ఇంజనీర్లే చెప్పాలి.

---

ఆటోనగర్_ఫిట్టర్:

నాదొక చిన్న డౌటు సర్. నేను ఐటీఐ ఫిట్టర్, డిగ్రీ లేదు. నాన్నతో కలిసి ఊళ్లలో బోరింగులు రిపేరు చేసేవాణ్ణి, ఇప్పుడు లేత్ షెడ్డు. నాలాంటివాళ్లకు అవకాశం ఉంటుందా, చదువుకున్నవాళ్లకేనా?

---

పటమట_డీఈ_రిటైర్డ్:

తమ్ముడూ, నీ ప్రశ్న చిన్నదేం కాదు. నువ్వు రిపేరు చేసిన బోరింగు ఇండియా మార్క్ టూ అయి ఉంటుంది. అదే పంపు ఆఫ్రికాలో చాలా దేశాలకు వెళ్లింది, ఉగాండాలో కొద్దిగా మార్చి యూ టూ అంటారు. 2009లో గ్రామీణ నీటి సరఫరా నిపుణుల నెట్‌వర్క్ ఇరవై ఆఫ్రికా దేశాల లెక్కలు తీస్తే చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా పనిచేయడం లేదని తేలింది. కారణాల్లో ఒకటి నీకు ఇట్టే అర్థమవుతుంది. భూగర్భజలం పులుపెక్కి ఉన్నచోట లోపలి జీఐ పైపును (జింకు పూత పూసిన ఇనుప పైపు) తుప్పు తినేస్తుంది, నీళ్లు ఎర్రగా వస్తాయి, అన్నం రంగు మారుతుంది, జనం ఆ పంపు వదిలి మళ్లీ వాగు నీళ్లకు పోతారు. అక్కడ కావలసింది పైపు పైకి లాగి, ఏది తుప్పో ఏది వాషర్ అరుగుదలో చూడగానే చెప్పి, పక్కనున్న కుర్రాడి చేత విప్పించి బిగించగల మనిషి. ఐక్యరాజ్యసమితి పోస్టుల్లో చాలావాటికి డిగ్రీ అడుగుతారు, నిజమే. కొన్ని సంస్థలు మాత్రం చేతిపని అనుభవం చూసి తీసుకుంటాయి. ఇంగ్లీషులో పని వివరించగలిగేంత నేర్చుకో, అదొక్కటే నీకు అడ్డం. ఆదివారాలు నేను నేర్పుతాను.

సీఏ గారూ, డిజైన్ ఇంటి నుంచి చేయొచ్చు. పైపుల్లో నీటి ప్రవాహం లెక్కగట్టే ఈపానెట్ ఉచిత సాఫ్ట్‌వేరే, లెవల్స్ ఉంటే రెండు వారాల పని. కానీ పైపు ఎవరి పొలం మీదుగా వెళ్తుంది, ఆ ఊటలో ఎండాకాలం ఎన్ని లీటర్లు వస్తాయి, పై ఊరివాళ్లు కింద ఊరికి నీళ్లు వదులుతారా, ఇవి లెవల్స్‌లో రావు. ముందు ఇక్కడి నుంచి మొదలుపెట్టి, వాళ్లతో పరిచయం అయ్యాక వెళ్తే ఆ మూడు నెలల తిరుగుడు సగం తగ్గుతుంది. నాకు అప్పుడు ఆ ఆలోచన రాలేదు.

---

అరండల్‌పేట_సివిల్:

అందరికీ చేతులెత్తి దణ్ణం. నిన్న రాత్రి ఇవన్నీ అత్తయ్యకు చదివి వినిపించాను. సిస్టర్ రాసిన ట్యాంకు సంగతి దగ్గర ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒప్పుకోలేదు గానీ, "పాప పదో తరగతి మొదలయ్యేలోపు వెళ్లి రా, ఆ ఏడాది మాత్రం ఇంట్లో ఉండాలి" అన్నారు. అంటే నాకు రెండున్నరేళ్లు ఉన్నట్టు.

ఇప్పటికి అనుకున్నది ఇది. ఈ నెలలో ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సైట్లో నా వివరాలు ఎక్కిస్తాను, ముందు ఇంటి నుంచి చేసే పనికి, ఏడాది తరువాత వెళ్లే పనికి. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవాలో పెట్టుకుంటాను. ఈఎంఐ డబ్బు వేరే ఖాతాలో వేయడం వచ్చే జీతం నుంచి మొదలు.

డీఈ గారూ, ఆ ఊట నుంచి లైను వేశారా లేదా? మీ దగ్గర ఆ సర్వే లెవల్స్ ఇంకా ఉన్నాయా?

---

పటమట_డీఈ_రిటైర్డ్:

వెయ్యలేదమ్మా, పోయిన నెల కూడా ఆ కమిటీ ఆమె మెసేజ్ పెట్టింది. ఊట దగ్గర నుంచి ఊరి ట్యాంకు దాకా లెవల్స్ అన్నీ నా పాత లాప్‌టాప్‌లో ఉన్నాయి, ఎండాకాలం ఊట కొలతలు చేత్తో రాసిన పుస్తకంలో ఉన్నాయి. వాళ్ల నీటి ఆఫీసును అడిగి ఒప్పుకుంటే మొత్తం నీకు ఇస్తాను. ఆదివారం సాయంత్రం నాలుగు తరువాత ఇంట్లోనే ఉంటాను, మీ ఆయన్నీ పాపనీ తీసుకుని పటమట రా. ఫిట్టర్ తమ్ముడు కూడా వస్తానన్నాడు.